కంప్రెసర్ కథ: యంత్రశాల నుంచి గోడ అంచు దాకా

మన సొసైటీ సభ్యుల ఇళ్ళలో టైలరు, డ్రైవరు, వెల్డరు, ఏ.సి. మెకానిక్కు – ఈ నలుగురిలో ఒక్కరైనా లేని ఇల్లు వెతకాల్సిందే. మొదటి ముగ్గురి పని ఏమిటో ఇంటిల్లిపాదికీ తెలుసు. నాలుగో ఆయన పని మాత్రం ఇంట్లో ఎవరికీ సరిగ్గా అంతుపట్టదు. పొద్దున సంచి తగిలించుకొని పోతాడు, రాత్రి నూనె మరకల చొక్కాతో తిరిగి వస్తాడు. అడిగితే "కంప్రెసర్ మార్చాము" అంటాడు, అంతే. ఎక్కడ మార్చినాడు, ఎట్లా మార్చినాడు, అసలు ఆ యంత్రం మనిషి పట్టని సందులోకి ఎట్లా పోయి చేరింది – దీని వెనుక ఒక చరిత్ర ఉన్నది. రాజుల చరిత్ర కాదు గనుక పాఠ్యపుస్తకాల్లో దొరకదు. తెలిసినంత మేరకు ఇక్కడ వ్రాస్తున్నాను.

చల్లదనాన్ని డబ్బిచ్చి కొనుక్కోవడం మన దేశంలో దాదాపు రెండు వందల ఏళ్ళ నాటి సంగతి. 1833లో ఫ్రెడరిక్ ట్యూడర్ అనే అమెరికా వర్తకుడు బోస్టన్ ప్రాంతపు చెరువుల్లో గడ్డకట్టిన మంచును కోయించి, కట్టుదిట్టంగా పొదిగి, ఓడలో కలకత్తాకు పంపినాడు. 180 టన్నులు బయలుదేరితే, నాలుగు నెలల ప్రయాణంలో కరిగింది కరగగా 100 టన్నుల దాకా చేరింది. అదే వ్యాపారం కోసం మద్రాసు సముద్రపుటొడ్డున 1842లో ఒక మంచు గిడ్డంగి కట్టినారు. ఐస్ హౌస్ అని దానికి పేరు. ఆ భవనం ఇప్పటికీ నిలిచి ఉన్నది, వివేకానందుని స్మారకంగా మారింది.

మంచు వ్యాపారం పోయింది గాని దాని తూకం పోలేదు. "ఒకటిన్నర టన్ను ఏ.సి." అంటే యంత్రం బరువు అనుకునేవారు నేటికీ ఉన్నారు. అది బరువు కాదు. ఒక అమెరికా టన్ను, అంటే 2,000 పౌండ్ల మంచు, 24 గంటల్లో కరిగి ఎంత వేడిని పీల్చుకుంటుందో అంత వేడిని తీసివేయగల శక్తికి ఒక టన్ను అని పేరు పెట్టినారు. గంటకు 12,000 బి.టి.యు. అని పుస్తకాల్లో ఉండేది ఇదే. దుకాణంలో రేటు బేరమాడేటప్పుడు మనం ఇంకా ఆ పాత మంచుగడ్డలనే తూకం వేస్తున్నామన్న మాట.

మంచు లేకుండా చల్లదనం పుట్టించే ఉపాయం చాలా చిన్నది. సూది వేసే ముందు కాంపౌండరు స్పిరిట్ దూది రాస్తే చెయ్యి చల్లబడుతుంది గదా! స్పిరిట్ ఆవిరవుతూ చర్మంలోని వేడిని లాక్కుపోతుంది. అయితే ప్రతిసారీ కొత్త స్పిరిట్ కావాలి. ఆ ఆవిరిని పారిపోనివ్వకుండా పట్టి, నొక్కి, వేడిని బయట పారవేసి, మళ్ళీ ద్రవంగా చేసి తిప్పితే అదే సరుకు ఎప్పటికీ పనిచేస్తుంది. ఆ నొక్కే యంత్రమే కంప్రెసర్. ఈ పద్ధతికి జేకబ్ పెర్కిన్స్ 1834లో లండన్‌లో పేటెంటు తీసుకున్నాడు. అమెరికాలో జాన్ గోరీ అనే డాక్టరు జ్వరపు రోగుల గదులు చల్లబరచాలని యంత్రం చేసి, 1851లో పేటెంటు పొందినాడు. పెట్టుబడి దొరకలేదు, నాలుగేళ్ళలో చనిపోయినాడు. మొట్టమొదట రోగి కోసం తలపెట్టిన సాధనం ఇది. తర్వాత చాలాకాలం అది బీరు, మాంసం, అచ్చుకాగితం వంటి సరుకుల సేవ చేసింది.

అచ్చుకాగితం అని ఊరికే అనలేదు. 1902లో న్యూయార్కు బ్రూక్లిన్‌లోని ఒక ముద్రణాలయంలో గాలిలో తేమ పెరిగినప్పుడల్లా కాగితం సాగి, నాలుగు రంగులు ఒకదానిమీద ఒకటి కూర్చునేవి కావు. ఆ చిక్కు విప్పడానికి విల్లిస్ క్యారియర్ అనే యువ ఇంజనీరు గీసిన నమూనాయే నేటి ఎయిర్ కండిషనింగుకు మొదలు అంటారు. 1922లో ఆయన సెంట్రిఫ్యూగల్ యంత్రాన్ని జనానికి చూపించినాడు. 1924లో డెట్రాయిట్ నగరంలోని హడ్సన్ దుకాణానికి, 1925లో న్యూయార్కు రివోలీ సినిమా హాలుకు అవి అమర్చినారు.

ఈ కాలపు యంత్రాల గురించి మనవాళ్ళు గమనించవలసింది ఒకటున్నది. ఆ యంత్రానికి సొంత ఇల్లు ఉండేది. బేస్‌మెంటులోనో పెరట్లోనో పెద్ద గది. నాలుగు వైపులా మనిషి తిరగవచ్చు, నూనె డబ్బా పట్టుకొని ఒకడు ఎప్పుడూ దాని పక్కనే ఉండేవాడు. కంప్రెసర్ ఓపెన్ టైపు, అంటే మోటారు వేరు, కంప్రెసర్ వేరు, మధ్యన బెల్టో షాఫ్టో. వాల్వు ప్లేటు విరిగినా, పిస్టన్ రింగులు అరిగినా, షాఫ్టు సీలు కారినా నట్లు విప్పి అక్కడే బాగుచేసేవారు. యంత్రం పెద్దదే గాని మనిషికి అందుబాటులో ఉండేది.

గ్యాసు మాత్రం పగవాడి లాంటిది. అమ్మోనియా, సల్ఫర్ డయాక్సైడు, మిథైల్ క్లోరైడు – మూడూ విషాలే. ఇళ్ళలోకి ఫ్రిజ్ వచ్చిన కొత్తలో లీకుల వల్ల మనుషులు చనిపోయిన వార్తలు వచ్చేవి. బెర్లిన్‌లో ఒక కుటుంబం ఇట్లాగే మరణించిన వార్త చదివి ఆల్బర్ట్ ఐన్‌స్టీన్ చలించిపోయినాడు. శిష్యప్రాయుడైన లియో సిలార్డ్‌తో కలిసి కదిలే భాగాలు లేని ఫ్రిజ్ కోసం కొన్నేళ్ళు పనిచేసి, 1930లో అమెరికా పేటెంటు కూడా పొందినాడు. అంతటి మహా శాస్త్రజ్ఞుడు గ్యాసు లీకు గురించి తల పట్టుకున్నాడని మన షాగిర్దులకు చెబితే నమ్మరు!

ఆయన ఫ్రిజ్ బజారులోకి రాలేదు. 1928లో థామస్ మిడ్జ్‌లీ బృందం కొత్త రకం గ్యాసును కనిపెట్టడమే దానికి పెద్ద కారణం. 1930లో ఒక సభలో మిడ్జ్‌లీ ఆ గ్యాసును గుండెల నిండా పీల్చి, వెలుగుతున్న కొవ్వొత్తి మీద ఊది ఆర్పినాడు. విషం కాదు, అంటుకోదు అని ఒక్క ఊపిరితో రుజువు చేసినాడు. అదే ఫ్రియాన్. ఆర్-12, తర్వాత ఆర్-22 ఆ సంతతివే.

సంతోషించవలసిన సంగతే. కాని ఇరుకు చోట పనిచేసేవాని వైపు నుంచి చూస్తే ఇంకో మాట ఉన్నది. అమ్మోనియా కొంచెం కారినా ముక్కు బద్దలవుతుంది, మనిషి లేచి పరుగెత్తుతాడు. గాలికంటే తేలిక గనుక పైకి పోతుంది. ఫ్రియాన్‌కు అటువంటి హెచ్చరిక లేదు, వాసన దాదాపు ఉండదు. ఆర్-22 గాలికి మూడింతల బరువు. కనుక బేస్‌మెంటు గుంటలో, కింది అరలో నీళ్ళలాగా నిలబడి, అక్కడి గాలిని తోసివేస్తుంది. కూర్చొని పనిచేసేవానికి తల తిరిగేదాకా తెలియదు. పైగా ఆ గ్యాసు వెల్డింగ్ మంటకు తగిలితే ఫాస్జీన్, ఆమ్లపు ఆవిర్లు పుడతాయి. ఫాస్జీన్ అంటే మొదటి ప్రపంచ యుద్ధంలో సైనికుల మీద వదిలిన విషవాయువు. అరిచే శత్రువు పోయి అరవని శత్రువు వచ్చిందన్న మాట.

అదే కాలంలో ఇంకో మార్పు జరిగింది. కంప్రెసర్‌నూ మోటారునూ ఒకే ఉక్కు డొక్కులో పెట్టి మూతిని వెల్డింగ్ చేసేశారు. దీన్నే హెర్మెటిక్ అంటారు. 1927లో అమెరికాలో వచ్చిన మానిటర్ టాప్ ఫ్రిజ్‌తో ఇది ఇళ్ళలోకి ప్రవేశించింది. సీలు లేదు, బెల్టు లేదు, లీకు తక్కువ, చప్పుడు తక్కువ. కొన్నవారికి మేలే. మెకానిక్కు సంగతి? లోపల చిన్న వాల్వు రేకు విరిగినా ఇక బాగుచేసేది లేదు, మొత్తం డొక్కును కోసి తీసి కొత్తది పెట్టాలి. అంతకుముందు అర కిలో సామాను చేతిలో పట్టుకొని పోయినవాడు ఇప్పుడు యాభై అరవై కిలోల ముద్దను మోసుకొని పోవాలి. పది టన్నుల స్క్రోల్ కంప్రెసర్ బరువు అంత ఉంటుంది. ఈ స్క్రోల్ నమూనాకు లియోన్ క్రూ అనే ఫ్రెంచివాడు 1905లోనే పేటెంటు తీసుకున్నాడు. రెండు చుట్టలను అంత నాజూకుగా కోయగల యంత్రాలు లేక అది ముప్పాతిక శతాబ్దం కాగితం మీదనే ఉండిపోయింది. 1980లలో బజారుకు వచ్చి ఇప్పుడు అంతటా అదే.

యంత్రం చిన్నదైంది గనుక గది అక్కరలేదన్నారు. ఇరుకు అక్కడ మొదలైంది.

మన రైళ్ళే దీనికి మంచి ఉదాహరణ. 1934లో ఫ్రాంటియర్ మెయిల్‌లో మొదటి చల్లని పెట్టె నడిచింది. అందులో కంప్రెసర్ లేదు. అడుగున పెట్టెల్లో మంచు దిమ్మలు వేసి, వాటి మీదుగా గాలి తోలేవారు. తర్వాత ఆర్-12 కంప్రెసర్ వచ్చి బోగీ అడుగున వేలాడింది. పిట్‌లైను గుంటలోకి దిగి, చక్రాల మధ్య తల పెట్టి, పైకి చూస్తూ పనిచేయాలి. దుమ్ము, గ్రీసు, పైనుంచి కారే నీళ్ళు – ఆ నీళ్ళు ఎక్కడివో చెప్పనక్కరలేదు. లాలాగూడ వర్క్‌షాపులోనో, ఏ కోచింగ్ డిపోలోనో పనిచేసిన పెద్దలు ఇంట్లో ఉంటే అడగండి, చెబుతారు. ఆ తర్వాతి కాలంలో యంత్రాన్ని కప్పు మీదికి, బోగీ రెండు చివరలకు మార్చినారు. ఇప్పుడు చెడితే మొత్తం యూనిట్‌ను క్రేనుతో లేపి కొత్తది దించి, పాతదాన్ని బల్ల మీద పెట్టి తీరికగా చూస్తారు. ఇరుకులోని పనిని బయటికి తెచ్చుకునే ఈ తెలివి రైల్వేకు వచ్చింది గాని మన భవనాలు కట్టేవారికి ఇంకా రాలేదని నా అభిప్రాయం.

ఇక గల్ఫు. దుబాయిలో పాత బస్తాకియా పేటలో ఇళ్ళ మీద బర్జీల్ అనే గాలి బురుజులు ఉన్నవి. పైన వీచే గాలిని పట్టి కింది గదిలోకి దించుతాయి. ఏ కంప్రెసరూ లేని ఏ.సి. అది. 1973-74లో చమురు ధర నాలుగింతలైన తర్వాత ఆ ఎడారి తీరాన గాజు భవనాలు లేచినవి. గాజు భవనానికి బర్జీల్ సరిపోదు, వందల టన్నుల యంత్రం కావాలి. దానిని నడిపేవారూ బాగుచేసేవారూ కావాలి. హైదరాబాదు నుంచి, కడప, రాయచోటి వైపు నుంచి పోయిన మనవారిలో ఎందరో ఈ పనిలో చేరినారు. ఐ.టి.ఐ.లో రెండేళ్ళ సర్టిఫికెట్టుతో పోయినవారున్నారు, ఉస్తాద్ దగ్గర పానాలు అందిస్తూ నేర్చుకొని పోయినవారున్నారు. 1942లో మొదలై ఫ్రిజ్‌లూ బస్సు బాడీలూ గడియారాలూ చేసిన హైదరాబాదు ఆల్విన్ వంటి కర్మాగారం ఒకప్పుడు ఉండడం వల్ల కూడా ఈ ఊళ్ళో ఆ విద్య కొంత పాకింది. ఆ కంపెనీ ఇప్పుడు లేదు.

గల్ఫు ఎండలో కప్పు మీది యూనిట్ దగ్గర నిలబడడం అంటే ఏమిటో ఉత్తరాల్లో ఎవరూ వ్రాయలేదు. ఇంట్లో బాధపడతారని. యు.ఎ.ఇ.లో జూన్ 15 నుంచి సెప్టెంబరు 15 వరకు మధ్యాహ్నం పన్నెండున్నర నుంచి మూడు దాకా నేరుగా ఎండ తగిలే బహిరంగ స్థలాల్లో పని చేయించరాదని నియమం ఉన్నది. మంచి నియమమే. ఎండ తగలని యంత్రపు గదిలో, కప్పు కింది సందులో వేడి అంతకు తక్కువేమీ ఉండదు. నియమం మాత్రం ఎండనే చెప్పింది.

1991 తర్వాత మన ఊళ్ళలో కూడా షాపింగ్ కాంప్లెక్సులు, బ్యాంకులు, నర్సింగు హోములు, ఫంక్షన్ హాళ్ళు చల్లబడినవి. చదరపు అడుగుకు అద్దె లెక్క గట్టే యజమాని ఏ.సి.కి గది ఎందుకిస్తాడు? లోపలి యూనిట్ ఫాల్స్ సీలింగు పైకి పోయింది. బయటి యూనిట్ మెట్ల కింద, రెండు గోడల నడుమ సందులో, మూడో అంతస్తు బయట ఇనుప బ్రాకెట్టు మీద కూర్చున్నది.

ఇరుకు వల్ల మెకానిక్కుకు కష్టం, అంతే గదా అనుకుంటారు. కంప్రెసర్‌ను చంపేదీ ఆ ఇరుకే. బయటి యూనిట్ పని వేడిని పారవేయడం. సందులో ఐదారు యూనిట్లు ఒకదానిపై ఒకటి పెడితే కిందిది ఊదిన వేడిగాలిని పైది పీల్చుకుంటుంది. ఆర్-22 యంత్రంలో గ్యాసు 50 డిగ్రీల దగ్గర ద్రవమవుతుంటే హెడ్ ప్రెషర్ సుమారు 265 పౌండ్లు ఉంటుంది, 60 డిగ్రీలకు పోతే 340 దగ్గరికి లేస్తుంది. మోటారు ఎక్కువ కరెంటు లాగుతుంది, నూనె మాడుతుంది, వైండింగు కాలుతుంది. యజమాని "కంప్రెసర్ మార్చు" అంటాడు. కొత్తది పెడతారు. అదే సందు, అదే వేడిగాలి. వచ్చే ఏప్రిల్‌లో అదీ పోతుంది. అప్పుడు తిట్లు పడేది మెకానిక్కుకు, పోయేది అతని పేరు. మంచి ఉస్తాదులు పాతది విప్పే ముందే కాయిలు మురికి, ఫ్యాను, వోల్టేజి, గాలి దారి చూసి "ఇక్కడినుంచి జరిపితే పెడతాను, లేకుంటే గ్యారంటీ ఇయ్యను" అనడం మనం వింటాం. అది పొగరు కాదు, తెలివి.

మార్చే పద్ధతి గురించి కూడా కుటుంబాలకు తెలియాలి. "రెండు గంటల పనికి రోజంతా చేసినారు" అనే మాట తరచు వినబడుతుంది. మొదట పాత గ్యాసును సిలిండరులోకి పట్టాలి. సందులో ఊరికే వదిలితే అది ఎక్కడికీ పోదు, మెకానిక్కు కాళ్ళ దగ్గరే ఉంటుంది. వైండింగు కాలి చచ్చిన కంప్రెసర్ అయితే గొట్టాల నిండా ఆమ్లం, మసి. శుభ్రం చేయకుండా, ఫిల్టర్ డ్రయరు మార్చకుండా కొత్తది పెడితే అదే ఆమ్లం కొత్త వైండింగును తింటుంది. గొట్టాలు అతికేటప్పుడు లోపల నైట్రోజన్ సన్నగా పారుతుండాలి. లేకుంటే రాగి లోపల నల్లపొర కట్టి, రాలి, సన్న దారులను మూస్తుంది.

ఇక్కడ ఒక ప్రమాదం చెప్పక తప్పదు. లీకు పరీక్షకు ఒత్తిడి ఎక్కించేటప్పుడు నైట్రోజన్ లేదని వెల్డింగ్ కోసం తెచ్చిన ఆక్సిజన్ పట్టించినవారున్నారు. ఒత్తిడిలో ఉన్న ఆక్సిజన్, కంప్రెసర్ నూనె కలిస్తే పేలుతుంది. నిప్పురవ్వ కూడా అక్కరలేదు. మన దేశపు గుర్తుల ప్రకారం ఆక్సిజన్ సిలిండరు ఒళ్ళు నలుపు. నైట్రోజన్ ఒళ్ళు బూడిద రంగు, మెడ నలుపు. చీకటి సందులో, రంగు వెలిసిన సిలిండర్లతో, రెంటిలోనూ నలుపు ఉన్నది గనుక పొరపాటు ఎంత సులభమో ఊహించండి. టార్చిలైటు వేసి ఒంటి రంగు చూడనిదే రెగ్యులేటరు బిగించరాదు.

తర్వాత వ్యాక్యూమ్. దీనికే టైము పడుతుంది, దీన్నే చాలామంది ఎగవేస్తారు. కొండమీద నీళ్ళు తక్కువ వేడికే మరుగుతాయని బడిలో చదువుకున్నాం. గాలి ఒత్తిడి తగ్గేకొద్దీ మరుగు కూడా దిగుతుంది. పంపుతో లోపలి గాలిని 500 మైక్రాన్లకు దించితే గొట్టంలోని తడి మామూలు గది వేడికే మరిగి ఆవిరై బయటికి పోతుంది. బయటి గాలి 7,60,000 మైక్రాన్లు, లెక్క చూసుకోండి. ఆ తడి మిగిలితే గ్యాసుతో నూనెతో కలిసి మళ్ళీ ఆమ్లం. చివరికి గ్యాసును తూచి ఎక్కించాలి. మూడు ఫేజుల స్క్రోల్ అయితే తిరిగే దిక్కు కూడా చూడాలి. రెండు వైర్లు తారుమారైతే అది వెనక్కు తిరిగి మోత పెడుతుంది గాని చల్లబరచదు.

గ్యాసుల కథ ఇంకా ముగియలేదు. మిడ్జ్‌లీ గ్యాసు ఆకాశంలో పైకి పోయి ఓజోన్ పొరను తింటుందని 1974లో మోలినా, రోలండ్ అనే శాస్త్రజ్ఞులు చెప్పినారు. 1985లో అంటార్కిటికా మీద చిల్లు బయటపడింది. 1987లో మాంట్రియల్ ఒప్పందం జరిగింది. మన దేశం 1992లో చేరి, 2008లో ఆర్-12 వంటి వాటి తయారీని ఆపింది. ఆర్-22 కూడా 2030 లక్ష్యంగా తగ్గుతూ పోతున్నది. దాని స్థానంలో వచ్చిన ఆర్-410ఏ ఒత్తిడి ఆర్-22 కంటే అరవై శాతం దాకా ఎక్కువ. పాత గేజీలు, పాత పైపులు పనికిరావు. దాని నూనె గాలిలో తడిని స్పంజిలా పీలుస్తుంది. లీకుంటే మంట పచ్చబడే పాత హాలైడ్ టార్చి కూడా పనికిరాదు. అది పట్టేది క్లోరిన్‌ను, ఈ గ్యాసులో క్లోరిన్ లేదు. ఉస్తాదుల చేతిలోని సగం విద్య ఒక్క గ్యాసు మారేసరికి పాతబడింది.

ఇప్పుడు భూమి వేడెక్కుతున్నదని ఆర్-410ఏ కూడా పోతూ ఆర్-32, ఆర్-290 వస్తున్నవి. ఆర్-290 అంటే ప్రొపేన్, వంట గ్యాసుకు అన్న లాంటిది. ఆర్-32 కూడా కొంత అంటుకునేదే. రెండూ గాలికంటే బరువు. దాదాపు వందేళ్ళ క్రితం మిడ్జ్‌లీ ఆర్పిన కొవ్వొత్తి మళ్ళీ వెలిగించడానికి వీలైన గ్యాసు ఇరుకు సందుల్లోకి వచ్చింది. అందుచేత పాత యంత్రశాలల నియమాలు కూడా తిరిగి వస్తున్నవి. పని మొదలుపెట్టే ముందు నేల దగ్గర గాలి ఆడేట్టు ఫ్యాను పెట్టాలి. గ్యాసు పూర్తిగా తీసి, నైట్రోజన్‌తో కడగనిదే మంట ముట్టించరాదు. కోసేటప్పుడు మంటతో కాక పైపు కట్టరుతోనే కోయాలి. సందు బయట, లోపలివాడు కనబడేట్టు, పిలిస్తే పలికేట్టు ఇంకో మనిషి నిలబడి ఉండాలి. ఆ రెండో మనిషి కూలి మాత్రం చాలా బిల్లుల్లో ఇంకా కనబడదు.